మిషెల్ బాక్‌మన్ అన్న మాటలు: రోజుకు 20 కోట్ల డాలర్ల పర్యటన మొదలుకొని

అరుగుమీద:
2010 నవంబరులో ఒబామా ముంబయి వచ్చినప్పుడు అమెరికా రోజుకు 900 కోట్ల రూపాయలు ఖర్చు పెట్టిందన్న పాత ముక్క మా కుటుంబ వాట్సాప్ గుంపులో మళ్ళీ తిరుగుతోంది. "అమెరికా కాంగ్రెస్ సభ్యురాలే టీవీలో చెప్పింది" అని కింద ఒక వాక్యం తగిలించారు. ఆ సభ్యురాలు మిన్నెసోటాకు చెందిన రిపబ్లికన్ నాయకురాలు మిషెల్ బాక్‌మన్ అని వెతికితే తెలిసింది. ఈ లెక్క ఎక్కడ పుట్టింది? ఆవిడ అన్న మిగతా మాటలు కూడా ఇలాంటివేనా? తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతడెస్కు:
పుట్టింది మన దగ్గరే. ఆ రోజుల్లో నేను ఒక తెలుగు పత్రిక డెస్కులో ఉన్నాను. పర్యటనకు నాలుగైదు రోజుల ముందు పీటీఐ నుంచి ముంబయి డేట్‌లైన్‌తో కాపీ వచ్చింది. రోజుకు 20 కోట్ల డాలర్లు ఖర్చవుతుందని, అధ్యక్షుడి వెంట మూడు వేల మంది దాకా వస్తారని మహారాష్ట్ర ప్రభుత్వ ఉన్నతాధికారి ఒకరు చెప్పినట్టు అందులో ఉంది. పేరు లేదు. అమెరికా వాళ్ళ ఖజానా నుంచి ఎంత పోతుందో మహారాష్ట్ర అధికారికి ఎలా తెలుస్తుందని ఆ రాత్రి ఎవరూ అడగలేదు. ఇలాంటి అంకె దొరికితే డెస్కులో ఎవరైనా బాక్సు కట్టి మొదటి పేజీలో పెడతారు.

అక్కడి నుంచి అది అమెరికా వెబ్‌సైట్లకు, రష్ లింబా, గ్లెన్ బెక్ లాంటి రేడియో, టీవీ వ్యాఖ్యాతలకు చేరింది. నవంబరు 3న సీఎన్ఎన్‌లో ఆండర్సన్ కూపర్ బాక్‌మన్‌ను అడిగింది అసలు వేరే ప్రశ్న. బడ్జెట్‌లో ఏ ఖర్చులు తగ్గిస్తారని అడిగితే ఆవిడ ఈ పర్యటన ఎత్తుకున్నారు. రోజుకు 20 కోట్ల డాలర్లు, రెండు వేల మంది పరివారం, తాజ్ మహల్ ప్యాలెస్ హోటల్లో 870 గదులు అన్నారు. ఈ లెక్క మీకెక్కడిదని కూపర్ నిలదీస్తే, పత్రికల్లో వచ్చిందే చెబుతున్నానన్నారు. మర్నాడు కూపర్ తన కార్యక్రమంలో దాని మూలం వెతికి చూపించాడు. చివరికి తేలింది ఆ పేరు లేని అధికారి ఒక్కడే.

పక్కనే ఇంకో కథ నడిచింది. పర్యటనకు రక్షణగా 34 యుద్ధనౌకలు వస్తున్నాయని. పెంటగన్ ప్రతినిధి జెఫ్ మోరెల్ భద్రతా ఏర్పాట్ల గురించి మామూలుగా మాట్లాడేవాడు కాదు. ఆ ఒక్కసారి మాత్రం, నౌకాదళంలో పదో వంతును పంపుతున్నామనడం పూర్తిగా అర్థరహితం, నవ్వొస్తోంది అని ఖండించాడు.

లెక్కల మాస్టారు:
ఖండనల దాకా వెళ్ళనక్కర లేదు. ఆవిడ చెప్పిన అంకెలనే తీసుకోండి. 20 కోట్ల డాలర్లను రెండు వేల మందికి పంచితే మనిషికి రోజుకు లక్ష డాలర్లు. అప్పటి మారకం ప్రకారం దాదాపు 45 లక్షల రూపాయలు. ఇక హోటలు: గది వెయ్యి డాలర్లనుకున్నా 870 గదులకు 8 లక్షల 70 వేలు. 20 కోట్లలో అది అర శాతం కూడా కాదు. మిగతాది ఏం తిని ఖర్చు పెట్టారు?

ఇంకో కొలత. 1998లో క్లింటన్ ఆరు ఆఫ్రికా దేశాలు తిరిగి వచ్చారు. అక్కడ కాగ్ లాంటి సంస్థ జి.ఎ.ఓ. దాని ఖర్చు లెక్కగట్టింది. అధ్యక్షుణ్ణి కాపాడే సీక్రెట్ సర్వీస్ ఖర్చు తీసేసి, మొత్తం పర్యటనకు 4 కోట్ల 28 లక్షల డాలర్లు. అది కూడా తక్కువేమీ కాదు, విమర్శించదలచుకున్నవాళ్ళు ఆ నివేదికతోనే విమర్శించవచ్చు. 2010లో అఫ్ఘానిస్తాన్ యుద్ధానికి అమెరికా పెడుతున్న ఖర్చు రోజుకు సుమారు 19 కోట్ల డాలర్లని అప్పట్లో పత్రికలు రాశాయి. అంటే ముంబయిలో రెండు రోజుల బసకు ఒక యుద్ధమంత ఖర్చు అన్నమాట!

పన్నుకట్టేవాడు:
డాలస్ నుంచి. ఇక్కడ అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. పత్రికలో వచ్చిన అంకెను ఆవిడ చెప్పారు. వైట్‌హౌస్ ఆ అంకె తప్పంది, అసలు ఖర్చెంతో మాత్రం భద్రతా కారణాలంటూ చెప్పలేదు. ప్రజల డబ్బు గురించి అడగడం నేరమా? నోరు జారడం ఆవిడ ఒక్కరికే ఉన్న జబ్బు కూడా కాదు. 2008 మేలో ఒబామా తాను 57 రాష్ట్రాలు తిరిగానన్నారు, ఉన్నవి 50. అదే ఏడాది బైడెన్, 1929లో మార్కెట్ కూలినప్పుడు రూజ్‌వెల్ట్ టీవీలో ప్రజలతో మాట్లాడారన్నారు. అప్పుడు అధ్యక్షుడు హూవర్. ఇళ్ళలో టీవీలే లేవు. వాటిని ఒక రోజు నవ్వి వదిలేశారు. బాక్‌మన్ మాటలకు మాత్రం జాబితాలు తయారయ్యాయి.

మంచుదేశం:
నేను ఆవిడ పాత నియోజకవర్గంలోనే, సెయింట్ క్లౌడ్ దగ్గర ఉంటాను. తెలియనివాళ్ళ కోసం: 1956లో అయోవాలోని వాటర్లూలో పుట్టారు. న్యాయశాస్త్రం చదివి, పన్నుల శాఖ తరఫున వాదించే లాయరుగా పనిచేశారు. తర్వాత రాష్ట్ర సెనేటు, 2007 నుంచి 2015 దాకా ప్రతినిధుల సభ. మిన్నెసోటా నుంచి ఆ సభకు ఎన్నికైన తొలి రిపబ్లికన్ మహిళ ఆవిడే. పన్నులు, ప్రభుత్వ ఖర్చు తగ్గించాలనే టీ పార్టీ ఉద్యమం తరఫున 2010లో సభలో ఒక బృందాన్ని మొదలుపెట్టారు. ఐదుగురు సొంత పిల్లలు కాక 23 మంది అమ్మాయిలను వేర్వేరు సమయాల్లో ఇంట పెట్టుకుని చూసుకున్నారు. ఆవిడను వ్యతిరేకించే నా పక్కింటివాళ్ళు కూడా ఈ సంగతి గౌరవంగానే చెబుతారు.

పన్నుకట్టేవాడు గారి మాటలో కొంత నిజముంది. చరిత్ర విషయంలో ఆవిడ జారినవి చాలావరకు పెద్దగా హాని లేనివే. 2011 మార్చిలో న్యూహాంప్‌షైర్ వెళ్ళి, స్వాతంత్ర్య యుద్ధంలో తొలి తుపాకీ పేలిన లెక్సింగ్టన్, కాంకర్డ్ మీ రాష్ట్రంలోనివే అన్నారు. అవి మసాచుసెట్స్‌వి. న్యూహాంప్‌షైర్ రాజధాని పేరు కూడా కాంకర్డే కావడంతో వచ్చిన తికమక. ఆ తర్వాత ఫేస్‌బుక్‌లో పొరపాటును ఒప్పుకుంటూనే, యుద్ధం జరిగింది మసాచుసెట్స్‌లో, దాన్ని తలచుకుని ఇంకా గర్వపడుతున్నది మాత్రం న్యూహాంప్‌షైర్‌లో అని చురక వేశారు. ఆ చురక నాకు నచ్చింది కూడా.

చిలిపికలం:
గాయకుడు ఎల్విస్ ప్రెస్లీ వర్ధంతి రోజున, 2011 ఆగస్టు 16న, ప్రచార సభలో ఆయనకు జన్మదిన శుభాకాంక్షలు చెప్పింది ఈవిడే కదా? ఆ ఏడాదే వాటర్లూలో అధ్యక్ష పదవికి ప్రచారం మొదలుపెడుతూ, నటుడు జాన్ వేన్ మా ఊరివాడే, ఆయన స్ఫూర్తే నాదీ అన్నారు. నటుడు పుట్టింది అదే రాష్ట్రంలోని వింటర్‌సెట్. వాటర్లూలో ఉన్న జాన్ వేన్ గేసీ వరుస హత్యలు చేసినవాడు. ప్రచారం తొలిరోజే అది! జాన్ వేన్ తల్లిదండ్రులు వాటర్లూలో కొన్నాళ్ళు ఉన్నారని తర్వాత ఆవిడ బృందం సర్దిచెప్పింది.

తెల్లకాగితం:
నవ్వుకోండి గానీ ఆ నవ్వులో ఇంకోటి కూడా కలిసి ఉందని గుర్తుంచుకోండి. 2011 ఆగస్టులో న్యూస్‌వీక్ ఆవిడ కళ్ళు పెద్దవి చేసి పైకి చూస్తున్న ఫోటోను ముఖచిత్రంగా వేసి, ఆగ్రహ రాణి అన్న అర్థం వచ్చే శీర్షిక పెట్టింది. బాక్‌మన్ రాజకీయాలను ససేమిరా ఒప్పుకోని మహిళా సంఘాలవాళ్ళు కూడా, మగ నాయకుడి విషయంలో ఇలాంటి ఫోటో ఎంచుకుంటారా అని అడిగారు. అదే ఏడాది నవంబరులో జిమ్మీ ఫాలన్ కార్యక్రమంలో ఆవిడ వేదిక మీదికి నడిచివస్తుంటే వాద్యబృందం ఆడవాళ్ళను బూతు మాటతో తిట్టే పాట తాలూకు బాణీ వాయించింది. తర్వాత ఛానలు క్షమాపణ చెప్పింది. ఆవిడ మాటల్లోని తప్పు పట్టుకోవడానికి ఇవేవీ అవసరం లేదు.

పన్నుకట్టేవాడు:
ధన్యవాదాలు. ఇంకో ఉదాహరణ, జనగణన. 2009లో, మా ఇంట్లో ఎంతమంది ఉన్నారో తప్ప మరే ప్రశ్నకూ జవాబివ్వనని ఆవిడ ప్రకటించారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న అమెరికన్లను నిర్బంధించడానికి జనగణన వివరాలు వాడారు, అందుకే అన్నారు. పిచ్చి మాటలని అందరూ ఎగతాళి చేశారు. చరిత్ర తిరగేస్తే ఆవిడ చెప్పింది నిజం.

మంచుదేశం:
ఆ చరిత్ర భాగం నిజమే. 1942లో యుద్ధ చట్టం ఒకటి జనగణన గోప్యతను సడలించింది. జపనీయులు ఏ వీధుల్లో ఎక్కువగా ఉన్నారో ఆ శాఖ సైన్యానికి చెప్పింది. కొందరి పేర్లు, చిరునామాలు కూడా ఇచ్చిందని 2007లో పరిశోధకులు దస్త్రాలతో చూపించారు. ఆవిడను ఎగతాళి చేసినవాళ్ళలో చాలామందికి అది తెలియదు.

అయితే ఆ తర్వాత మాటకు వచ్చేసరికి ఆవిడ సొంత పార్టీలోనే ముగ్గురు సభ్యులు బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. జనగణన ప్రశ్నలకు జవాబివ్వడం చట్టప్రకారం తప్పనిసరి. పైగా సభలో స్థానాలను జనాభాను బట్టే రాష్ట్రాలకు పంచుతారు, మిన్నెసోటా అప్పుడు ఒక స్థానం కోల్పోయే అంచున ఉంది. జనం ఫారాలు నింపకపోతే మొదట పోయే సీటు ఆవిడదే కావచ్చని ఇక్కడ అందరూ చెప్పుకున్నారు. చివరికి 2010 లెక్కల్లో, పంపిణీ చేసిన 435 స్థానాల్లో ఆఖరిది మిన్నెసోటాకు దక్కింది.

నిర్వాహకుడు:
ఒబామా మతం గురించి పెట్టిన రెండు వ్యాఖ్యలు తొలగించాను. ఈ చర్చ బాక్‌మన్ బహిరంగంగా అన్న మాటల మీద. మిగతావి వేరే చోట.

భద్రాచలంరోడ్డు:
ఎల్విస్ పుట్టినరోజు గురించి ఇంత రాశారు గానీ 2011 సెప్టెంబరు మాట ఎవరూ ఎత్తలేదు. మా ప్రాంతానికి దానితో సంబంధం ఉంది కాబట్టి నేను కాస్త వివరంగా రాస్తాను.

సెప్టెంబరు 12న ఫ్లోరిడాలోని టాంపాలో, అధ్యక్ష పదవికి పోటీపడుతున్న రిపబ్లికన్ల చర్చ జరిగింది. పోటీలో ఉన్న అప్పటి టెక్సాస్ గవర్నర్ రిక్ పెర్రీ 2007లో, ఆరో తరగతి బాలికలకు హెచ్‌పీవీ టీకా తప్పనిసరి చేస్తూ ఉత్తర్వు ఇచ్చారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సరుకు కారణమయ్యే వైరస్‌ను అడ్డుకునే టీకా అది. శాసనసభ ఆ ఉత్తర్వును రద్దు చేసింది. బాక్‌మన్ దీన్నే పట్టుకున్నారు. శాసనసభను అడగకుండా కలం పోటుతో పసిపిల్లల మీద టీకా రుద్దారని, తయారుచేసిన మెర్క్ కంపెనీ తరఫున పైరవీ చేసింది పెర్రీ దగ్గర మునుపు ముఖ్య అధికారిగా పనిచేసిన వ్యక్తేనని అన్నారు. కంపెనీ తనకు ఇచ్చింది 5 వేల డాలర్లని, ఆ మాత్రానికి అమ్ముడుపోతానంటారా అని పెర్రీ నొచ్చుకుంటే, నేను నొచ్చుకుంటున్నది ఎంచుకునే వీలులేకపోయిన ఆ చిన్నపిల్లల కోసం, వాళ్ళ తల్లిదండ్రుల కోసం అని బదులిచ్చారు. హాలు చప్పట్లతో మారుమోగింది. న్యాయమైన ప్రశ్న, సూటిగా వేశారు. అక్కడితో ఆగి ఉంటే నేను కూడా చప్పట్లు కొట్టేవాణ్ణి.

చర్చ ముగిసిన వెంటనే ఫాక్స్‌లోనూ, మర్నాటి ఉదయం ఎన్బీసీలోనూ, సభ తర్వాత ఒక తల్లి తన దగ్గరికొచ్చి, ఈ టీకా వేయించాక తన కూతురికి బుద్ధిమాంద్యం వచ్చిందని ఏడ్చిందని చెప్పారు. ఆ తల్లి ఎవరో, బిడ్డ ఎవరో, ఏ వైద్యుడు చూశాడో చెప్పలేదు. అలాంటి ప్రమాదానికి ఎలాంటి శాస్త్రీయ ఆధారం లేదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం వెంటనే ప్రకటించింది. వైద్య ఆధారాలు చూపిస్తే డబ్బిస్తామని ఇద్దరు వైద్యనీతి ఆచార్యులు ముందుకొచ్చారు, ఒకరు వెయ్యి, ఒకరు పది వేల డాలర్లు. ఎవరూ రాలేదు. రష్ లింబా కూడా ఈసారి ఆవిడ హద్దు దాటారన్నాడు. తర్వాత ఆవిడ ఇచ్చిన వివరణ: నేను వైద్యురాలిని కాను, శాస్త్రవేత్తను కాను, ఒక మహిళ చెప్పినదాన్ని చెప్పానంతే.

ఇప్పుడు మా ఊరి సంగతి. అదే టీకాతో 2009 జులైలో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో, పాత్ అనే అమెరికా సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతోనూ భారత వైద్య పరిశోధన మండలితోనూ కలిసి ఒక పథకం నడిపింది. పదేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ బాలికలు, చాలామంది ఆశ్రమ పాఠశాలల్లో ఉండే గిరిజన పిల్లలు. గుజరాత్‌లోని వడోదరాలో ఇంకో కంపెనీ టీకాతో ఇలాగే చేశారు. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. విచారణ సంఘం మరణాల కారణాలు చూసింది. పాము కాటు, నీట మునగడం, పురుగుమందు, మలేరియా లాంటివి. టీకాకూ వీటికీ సంబంధం కనిపించలేదంది.

కానీ అసలు తప్పు ఇంకోచోట బయటపడింది. మన రాష్ట్రంలో పరిశీలించిన 9,543 సమ్మతి పత్రాల్లో 2,763 మీద సంతకాలు పెట్టింది హాస్టలు వార్డెన్లు. ఇంకా దాదాపు రెండు వేల పత్రాల మీద వేలిముద్రలే. వాటిలో ఏం రాసి ఉందో ఆ తల్లిదండ్రులకు ఎవరు చదివి చెప్పారు? 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం దీన్ని పిల్లల హక్కుల ఉల్లంఘనగా తప్పుబట్టింది.

చూడండి, టాంపా వేదిక మీద బాక్‌మన్ వేసిన ప్రశ్న మా భద్రాచలం తల్లి వేయవలసిన ప్రశ్నే. నా బిడ్డ తరఫున నువ్వెవరు నిర్ణయించడానికి అని. ఆవిడ దాన్ని తెల్లారేసరికి వదిలేసి బుద్ధిమాంద్యం కథ ఎత్తుకున్నారు. ఇక్కడా అంతే. వార్డెను సంతకాల మాట ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. టీకా వేయిస్తే పిల్లలు చచ్చిపోతారన్న భయం మాత్రం మిగిలింది. మన దేశంలో ఆడవాళ్ళకు వచ్చే క్యాన్సర్లలో రొమ్ము క్యాన్సరు తర్వాత స్థానం దీనిదే. 2024 ఫిబ్రవరిలో కేంద్ర బడ్జెట్‌లో తొమ్మిది నుంచి పద్నాలుగేళ్ళ బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామన్నారు. రేపు మా మండలంలో ఆ టీకా పట్టుకుని తిరిగే ఆశా కార్యకర్త ఆ భయానికి జవాబు చెప్పుకోవాలి.

పాతడెస్కు:
ఇది చదివాక ముంబయి లెక్క వేరుగా కనిపిస్తోంది. రెండు చోట్లా ఒకే పద్ధతి. అక్కడ పేరు లేని అధికారి, ఇక్కడ పేరు లేని తల్లి. రెండు చోట్లా చివరి జవాబు, విన్నదే చెప్పాను అని. కాంకర్డ్ ఏ రాష్ట్రంలో ఉందో పటం చూసి ఎవరైనా దిద్దవచ్చు, ఆవిడే దిద్దుకున్నారు కూడా. పేరు లేని తల్లిని ఏ పటంలో వెతుకుతాం? డెస్కులో మాకు మొదటి రోజు నేర్పేది ఇదే: ఎవరన్నారు, వాళ్ళకెలా తెలుసు. ఆ ముంబయి కాపీ వచ్చిన రాత్రి మాలో ఎవరికీ అది గుర్తురాలేదు. ప్రతినిధుల సభలో ఓటు హక్కున్న మనిషి నోట వచ్చేసరికి మాత్రం దాని బరువు వేరు.

తెల్లకాగితం:
భద్రాచలంరోడ్డు గారూ, ఆవిడ ఈ పద్ధతిని సొంత పార్టీవాళ్ళే తప్పుపట్టిన సందర్భం కూడా ఉంది. 2012 జూన్‌లో మరో నలుగురు సభ్యులతో కలిసి, ప్రభుత్వంలోకి ఈజిప్టులో పుట్టిన ఇస్లామిక్ రాజకీయ సంస్థ ముస్లిం బ్రదర్‌హుడ్ చొరబడిందేమో విచారించమని లేఖలు రాశారు. విదేశాంగ శాఖకు రాసిన లేఖలో హిల్లరీ క్లింటన్ సహాయకురాలు హుమా అబెదిన్ బంధువుల పేర్లు చెప్పి అనుమానం నాటారు. అప్పుడు సెనేటులో లేచి ఖండించింది డెమొక్రాట్ కాదు, రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెక్‌కెయిన్. ఈ ఆరోపణలకు తర్కం లేదు, ఆధారం లేదు అన్నారు. ఆవిడ ప్రచారాన్ని నడిపిన ఎడ్ రోలిన్స్ కూడా, సిగ్గుపడాలంటూ వ్యాసం రాశారు.

పన్నుకట్టేవాడు:
టీకా విషయంలో ఆవిడను వెనకేసుకురాను. నా భార్య వైద్యురాలు, ఇంట్లో ఆ చర్చ అప్పుడే అయిపోయింది. కానీ ఆవిడ ఎప్పుడూ వినికిడి మాటలే చెబుతారంటే ఒప్పుకోను. 2011 నవంబరులో విదేశాంగ విధానం మీద జరిగిన చర్చ చూడండి. పాకిస్తాన్‌కు ఒక్క డాలరు కూడా ఇవ్వనని పెర్రీ అంటే, అణ్వాయుధాలున్న ఆ దేశం కుప్పకూలితే ఏమవుతుందో ఆలోచించమని, అది అమాయకత్వమని ఎదురు చెప్పింది ఈవిడే. ఇంటెలిజెన్స్ కమిటీ సభ్యురాలు, చదువుకుని వచ్చారు. ఆ రాత్రి ఆవిడను ఎప్పుడూ మెచ్చుకోని పత్రికలు కూడా మెచ్చుకున్నాయి.

లెక్కల మాస్టారు:
అది నిజమే, చూశాను. చదువుకుని వచ్చినప్పుడు అంత బాగా మాట్లాడగల మనిషి మిగతా రోజుల్లో ఎందుకు చదవలేదన్నదే నా ఫిర్యాదు. దేశ నిర్మాతలు బానిసత్వం అంతమయ్యేదాకా విశ్రమించలేదని 2011 జనవరిలో అయోవాలో అన్నారు. వాళ్ళలో చాలామంది బానిసల యజమానులు. ఐదు నెలల తర్వాత ఏబీసీలో అడిగితే జాన్ క్విన్సీ ఆడమ్స్ పేరు చెప్పారు. ఆయన నిజంగానే బానిసత్వం మీద సభలో ఏళ్ళ తరబడి పోరాడాడు. కానీ దేశం స్వాతంత్ర్యం ప్రకటించుకున్న 1776 జులై 4 నాటికి ఆయనకు తొమ్మిదేళ్ళు నిండలేదు. చనిపోయింది 1848లో. బానిసత్వం రద్దయింది 1865లో.

అరుగుమీద:
ఇంత జరిగినా ఓటర్లు ఎందుకు గెలిపించారు? మంచుదేశం గారే చెప్పాలి.

మంచుదేశం:
మా నియోజకవర్గం రాష్ట్రంలోనే గట్టి రిపబ్లికన్ ప్రాంతం. అయినా ఆవిడకు మాత్రం ఎప్పుడూ తేలిగ్గా రాలేదు. 2008 అక్టోబరులో ఎంఎస్ఎన్బీసీలో, ఒబామాకు అమెరికా వ్యతిరేక భావాలు ఉన్నాయేమోనని ఆందోళనగా ఉందని, కాంగ్రెస్ సభ్యుల్లో ఎవరు దేశానికి అనుకూలమో ఎవరు వ్యతిరేకమో మీడియా ఆరా తీయాలని అన్నారు. కొద్ది రోజుల్లోనే ఆవిడ ప్రత్యర్థికి దాదాపు పది లక్షల డాలర్ల విరాళాలు వచ్చి పడ్డాయి. ఆవిడ 46 శాతంతో గట్టెక్కారు. అధ్యక్ష పోటీలో 2011 ఆగస్టులో అయోవాలోని ఏమ్స్‌లో జరిగిన నమూనా పోలింగులో మొదటి స్థానం. ఐదు నెలలు తిరక్కుండానే అదే అయోవాలో పార్టీ అభ్యర్థిని ఎంచుకునే అసలు ఓటింగులో 5 శాతం ఓట్లతో ఆరో స్థానం, మర్నాడే విరమణ. 2012 నవంబరులో మా దగ్గర రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి మిట్ రామ్నీ దాదాపు 15 శాతం ఆధిక్యంతో గెలిచారు, అదే బ్యాలెట్ మీద ఈవిడకు వచ్చిన ఆధిక్యం నాలుగు వేల మూడు వందల ఓట్ల లోపే. అంటే రిపబ్లికన్లకే ఓటేసే వేల మంది ఆవిడ పేరు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి వెనక్కి తీసుకున్నారు. 2013 మే నెలలో ఇక పోటీ చేయనని వీడియోలో ప్రకటించారు. ఓటమి భయంతో కాదని, ప్రచార నిధుల మీద జరుగుతున్న విచారణల వల్ల కూడా కాదని ఆవిడే అన్నారు.

పన్నుకట్టేవాడు:
ఆ సీటులో ఆవిడ తర్వాత గెలిచిన టామ్ ఎమ్మర్ కూడా రిపబ్లికనే. ఇప్పుడు సభలో మా పార్టీ విప్. జనానికి ఆ విధానాలు నచ్చాయి, చెప్పిన తీరే నచ్చలేదు.

భద్రాచలంరోడ్డు:
మా వైపు మాత్రం ఆ చెప్పిన తీరే మిగిలిందండీ. నిర్వాహకుడు గారూ, టీకా సంగతి వేరే చర్చగా విడదీస్తారా? స్థాయీ సంఘం నివేదికలో సమ్మతి పత్రాల భాగాన్ని తెలుగులో పెడతాను.

నిర్వాహకుడు:
విడదీశాను. ఆరోగ్యం విభాగంలో ఉంది.